పన్నెండుంబావు అంగుళాలు

మా నాన్న ఓర్వల్ స్ట్రేయర్ అబద్ధాలకోరు కాదు. కెటిల్ రన్ లోయలో ఎవర్నడిగినా ఇదే చెప్తారు. నలభై ఏడేళ్ళపాటు ఈ లోయలో పిల్లలకి మొదటి తుపాకీ ఏరి, వాళ్ళ చేతికి సరిపోయేలా కోసి ఇచ్చింది ఆయనే. అన్నేళ్ళలో ఒక్కటంటే ఒక్కటే అబద్ధమాడాడు. అది కూడా నాచేత రాయించాడు.

మా దుకాణంలో మేకులు, గొలుసులు, పొయ్యి గొట్టాలు, కుక్కల తిండి అన్నీ దొరుకుతాయి. వెనకాల కిటికీ కింద నాన్న పనిబల్ల. బల్ల పక్క గోడంతా వరసగా మేకులు, ఒక్కో మేక్కీ ఒక్కో చెక్కముక్క. అవి తుపాకీ మడమల్లోంచి, అంటే భుజానికానించే చెక్కలోంచి, కోసిన ముక్కలు. పెద్దవాళ్ళ తుపాకీ మడమ చిన్నపిల్లల భుజానికి పొడవెక్కువ, అందుకని కోస్తాడు. కోసిన ముక్క మీద పిల్ల పేరు, చెయ్యి ఎన్ని అంగుళాలకి పెరిగాక తిరిగి అతకాలో ఆ లెక్క రాసి గోడకి తగిలిస్తాం. చెయ్యి పెరిగాక వచ్చి ఆ ముక్క స్క్రూలతో బిగించుకుపోతారు. ఈ లోయలో పెద్దవాడవడమంటే అదే. గడ్డం మొలవడం ఎవడిక్కావాలి!

తుపాకీ ఏరేటప్పుడు నాన్న వైభవం చూడాలి. తండ్రులు ఏం చెప్పినా చెవిన పెట్టేవాడు కాదు. నేరుగా పిల్లవాడి ముందు గొంతుక్కూర్చునేవాడు.

“తుపాకీ ఎవరిక్కావాలిరా? నీకా, మీ నాన్నకా?”

సగంమంది పిల్లలు తలెత్తి తండ్రి మొహం చూసేవాళ్ళు. అంతే, “వచ్చే ఏడు రా” అని లేచిపోయేవాడు.

“పది తూటాలు వరసగా పేలేది ఇయ్యి ఓర్వల్, పిల్లాడు సరదాపడతాడు,” అని ఒకాయన అన్నాడోసారి.

“సరదాకైతే బెలూన్లు కొనిపెట్టు. వీడికి ఒక్క తూటాది చాలు. రెండోది లోపలుందని తెలిస్తే మొదటిది చూసి కాల్చడు.”

“రంగు కూడా వేస్తావా? మా అమ్మాయికి గులాబీ రంగంటే ప్రాణం,” అని ఇంకో తల్లి.

“గోళ్ళకి వెయ్యమ్మా.”

ఆ తర్వాత బుడిపె పరీక్ష. ఒంటితూటా తుపాకీకి వెనకాల చిన్న బుడిపె ఉంటుంది, దాన్ని లాగితేనే తుపాకీ కాల్చడానికి సిద్ధమౌతుంది. పిల్ల తన వేళ్ళతో, ఒంటిచేత్తో, ఎవరి సాయమూ లేకుండా లాగాలి. లాగలేకపోతే బేరం లేదు. లాగినా అప్పుడే తూటాలు చేతికి రావు. లోపలి బోల్టు ఊడదీసి తన సొరుగులో పెట్టుకుని, ఉత్త తుపాకీ ఇచ్చి పంపేవాడు. వేసవంతా దాన్ని మోసుకు తిరగాలి. గొట్టం ఒక్కసారి మనిషివైపు తిరిగినా ఇంకో నెల శిక్ష. “కుక్కని కూడా మనిషి కిందే లెక్కెడతాను,” అనేవాడు. పిల్లలు వణికేవాళ్ళు, ప్రేమించేవాళ్ళు కూడా. ఇన్నేళ్ళలో నాన్న చేతిమీదుగా వెళ్ళిన తుపాకీతో ఒక్క పిల్లకి గాయం తగల్లేదు. ఈ మాట నేను గర్వంగానే చెప్తున్నాను.

చెర్రీ చెక్కతో చేసిన కొలపుల్ల ఒకటుంది ఆయనకి. పిల్ల మోచెయ్యి వంచి, మోచేతి మడత నుంచి చూపుడువేలి మొదటి గీత దాకా కొలుస్తాడు. తుపాకీ మడమ చివర నుంచి ట్రిగ్గర్ దాకా అంతే ఉండాలి. ఆయన చదివితే నేను కొలతల పుస్తకంలో రాసేదాన్ని, ఎందుకంటే ఆయన రాత కోడి గీకినట్టుంటుంది. తొమ్మిదేళ్ళప్పటి నుంచీ నాది ఆ పని. నన్ను మాత్రం ఎవరూ కొలవలేదు. ఓసారి అడిగాను. “నీకెందుకే లోర్నా, నీకు రాతపని ఉందిగా,” అన్నాడు. ఉంది మరి. ఇప్పటికీ ఉంది.

నా తమ్ముడు లీలండ్ నాకంటే మూడేళ్ళు చిన్న. వాడికి తొమ్మిదేళ్ళు రాగానే నాన్న తన చిన్ననాటి తుపాకీ దించి, రెండంగుళాల ముక్క కోశాడు. ఆ ముక్క మీద నేను గుండ్రంగా రాశాను: లీలండ్, పదమూడు వచ్చాక. ఏళ్ళు కాదు, అంగుళాలు. గోడమీద వరసలో మొదటి మేకు వాడికే కేటాయించాడు. ఆ తుపాకీతో వాడు కంచె మీద పెట్టిన సోడాసీసా మూతల్ని ముప్పై అడుగుల నుంచి ఒక్కొక్కటీ ఎగరగొట్టేవాడు. గురి చూసేటప్పుడు నాలిక బయటపెట్టేవాడు. ఎక్కువ మాట్లాడే పిల్లాడు కాదు. కొట్టాక వెనక్కి తిరిగి నాన్న ఉన్నాడా లేడా అని చూసుకునేవాడు, అంతే.

జింకల వేట మొదలయ్యే సోమవారానికి ముందు శనివారం, మా ఫైర్ స్టేషన్ వెనక మైదానంలో పిల్లల గురిపందెం జరుగుతుంది. ఒక్కొక్కరికి అయిదు తూటాలు. యాభై అడుగుల్లో కాగితం. కాగితానికి ఒక్క తూటా కూడా తగలని పిల్ల చొక్కా వెనకకొస కత్తిరించి, పేరు రాసి ఫైర్ స్టేషన్ గోడకి కొడతారు. జింకని తప్పగొట్టిన మగవాళ్ళకి అడవిలో చేసే పనే ఇది, మావాళ్ళు పిల్లలకీ అంటించారు. కత్తిరించేది కన్నతండ్రే. అందరూ నవ్వుతారు, పిల్ల కూడా నవ్వుతుంది, తర్వాత లోపలికెళ్ళి కోడికూర, బిస్కెట్లు తింటారు. నవ్వగలిగిన పిల్లకి ఏమీ కాదు.

లీలండ్‌కి పదకొండేళ్ళు. ఎనభై ఐదో సంవత్సరం. పందేనికి వారం ముందు పాలబండి నడిపే వెర్న్ హఫ్ దుకాణానికొచ్చాడు. వాడి కొడుకు డేల్ మా లీలండ్ ఈడువాడే, కాకపోతే దున్నపోతులా పెరిగాడు. అక్టోబరులోనే ముక్క అతికించుకుపోయాడు.

“ఏం ఓర్వల్, మావాడు పూర్తి తుపాకీ పట్టాడు. మీవాడింకా ఉగ్గుగిన్నె దగ్గరే ఉన్నాడా?”

పొయ్యి చుట్టూ కూర్చున్న నలుగురూ నవ్వారు.

“ఊరందరి చేతులూ కొలుస్తావు. ఇంట్లోవాణ్ణి కొలవడానికి పుల్ల చాలట్లేదా ఏంటి?”

నాన్న కూడా నవ్వాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. ఛీ, ఒక్క పాలబండివాడి మాటకి!

వాళ్ళు వెళ్ళగానే లీలండ్‌ని పిలిచి చెయ్యి కొలిచాడు. పుల్ల మీద కొలత దగ్గర వేలితో నొక్కిపట్టి, “పోయి పొడుగు స్క్రూలు పట్రా,” అని వాణ్ణి ముందుగదిలోకి తరిమాడు. పుల్ల నాకు చూపించాడు.

“పన్నెండుంబావు,” అన్నాను.

“పదమూడు రాయి.”

“నాన్నా, పన్నెండుంబావే.”

“పదమూడు రాయవే! చలికాలంలోగా ఎదుగుతాడు. నేను చెప్తున్నాగా.”

పుస్తకంలో పదమూడు రాశాను. నాకు పధ్నాలుగేళ్ళు, ఒళ్ళు మండిపోతోంది. ఆయన మేకు మీద నుంచి ముక్క తీసి నా చేతికిచ్చి, స్క్రూడ్రైవరు వెతుక్కోడానికి అటు తిరిగాడు. ఎదురుచెప్పే దమ్ము లేదుగానీ పెన్సిలు మాత్రం చేతిలో ఉంది. పాత రాత కింద ఇంకో వరస రాశాను: పన్నెండుంబావు, నవంబరు 85, లోర్నా. ఆ ముఖాన్ని లోపలివైపుకి తిప్పి ఆయనకిచ్చాను. ఆయన చూడకుండానే బిగించాడు.

లీలండ్ స్క్రూలు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

“పదమూడు! పెద్దాడివైపోయావురా,” అన్నాడు నాన్న, వాడి తల నిమురుతూ.

వాడి మొహం ఎంత వెలిగిపోయిందో! “అక్కా, పదమూడటే! నిజంగానా?”

“నిజంగానే,” అన్నాను.

మర్చిపోదామంటే ఈ ఒక్కమాటే ముందుకొచ్చి నిలబడుతుంది.

పందెం రోజున అమ్మ వాడికి కొత్త ఎర్రగళ్ళ చొక్కా తొడిగింది. పొడవు మడమ వాడి భుజంలో కుదరలేదు, దండమీదకి జారింది. తల ముందుకు చాచాల్సొచ్చింది, నడుం వెనక్కి వంచాల్సొచ్చింది. గొట్టం బరువు ఆగక ముందుకి వాలిపోతోంది. అయిదు తూటాలూ కాగితం కింద మట్టిలోకి పోయాయి. మూతలు ఎగరగొట్టిన పిల్లాడు! అయిదోది అయ్యాక తుపాకీ దించి నాన్నవైపు చూశాడు.

“నాన్నా, తుపాకీ పొడుగుందే.”

లోయంతా చుట్టూ నిలబడుంది. వెర్న్ హఫ్ ముందు వరసలోనే ఉన్నాడు. నాన్న జేబులోంచి కత్తి తీశాడు.

“తుపాకీ సరిగ్గానే ఉంది. కొలిచింది నేను. నీకే గుండె చాల్లేదు.”

చొక్కా కొస పట్టుకుని కోశాడు. లీలండ్ నవ్వలేదు. వెక్కి వెక్కి ఏడ్చాడు, పదకొండేళ్ళ మగపిల్లాడు, అందరిముందూ. ఇక వాడి పేరు గుండెలేనోడైపోయింది. బళ్ళో, బస్సులో, చర్చి మెట్లమీద, బడి చదువయ్యేదాకా అదే పేరు. నేను పక్కనే ఉండి విన్నాను. అమ్మ ఆ చొక్కాకి పాత కర్టెన్ గుడ్డ వేసి కొస కుట్టింది, ఎంత దోపుకున్నా పసుపు పూలు బయటికి కనపడేవి. నాన్న ఆ కత్తిరించిన గుడ్డని ఫైర్ స్టేషన్‌కి ఇవ్వలేదు. మా దుకాణంలోనే, పనిబల్ల పక్క గోడకి పైన కొట్టాడు. “నా కొడుకైనా నా దగ్గర తేడా లేదు,” అని వచ్చినవాళ్ళకి చూపించేవాడు. ఎంత నిజాయితీపరుడో అని జనం మెచ్చుకునేవాళ్ళు.

లీలండ్ మళ్ళీ కాల్చలేదు. చదువవగానే రెండుగంటల దూరంలో వెల్డింగ్ పనిలో చేరాడు. ఆ తుపాకీ ఎందుకు వెంట తీసుకెళ్ళాడో నాకప్పుడు అర్థం కాలేదు. చావులకొచ్చేవాడు, ఇంటికొచ్చేవాడు, దుకాణం గడప మాత్రం తొక్కలేదు. నేనేమో ఇక్కడే ఉన్నాను. ప్రతి శనివారం దుమ్ము దులిపేటప్పుడు ఆ గుడ్డని కూడా దులిపాను. ముప్పై నాలుగేళ్ళు! ఏ శనివారమైనా ఆ మేకు పీకి గుడ్డని పొయ్యిలో పడెయ్యొచ్చు. నా చేతులు పడిపోయాయా?

నాన్నకి ఎనభై ఒకటి. కళ్ళలో నడిమి చూపు పోయింది, అంచులే కనిపిస్తాయి. పిల్లలు కూడా ఇప్పుడు ఎవరొస్తున్నారు! పెద్ద బజారుకెళ్ళి అట్టపెట్టెలో తెచ్చుకుంటున్నారు. ఆయనకి మిగిలింది ఒక్కటే కోరిక. లీలండ్ కూతురు జోసీకి ఎనిమిదేళ్ళు నిండాయి. “ఆ పిల్ల చెయ్యి ఒక్కసారి కొలిచానంటే చాలు, ఆ తర్వాత నేనేమైపోయినా ఫర్వాలేదు,” అని కరెంటు మీటరు చూడ్డానికొచ్చినవాడితో కూడా చెప్పుకున్నాడు. లీలండ్‌కి మాత్రం నోరు తెరిచి చెప్పలేదు.

మొన్న అక్టోబరులో లీలండే ఫోను చేశాడు.

“శనివారం వస్తున్నాం అక్కా. జోసీ తుపాకీ తుపాకీ అని ప్రాణం తోడేస్తోంది. నాదే ఇస్తాను. ఆ ముక్క తీయించి, దాని చేతికి కోయించాలి.”

ఈ మాటలు నాన్న నాచేత మూడుసార్లు చెప్పించుకున్నాడు. శనివారం పొద్దున్నే గడ్డం గీసుకుని రెండుచోట్ల కోసుకున్నాడు. బల్ల తుడిచాడు, మళ్ళీ తుడిచాడు. నాకూ సంబరంగానే ఉంది. ఇన్నేళ్ళకి తండ్రీకొడుకులు కలుస్తున్నారని బుక్‌వీట్ అట్లకి పిండి కలిపాను. చెక్కముక్క లోపలేం రాశానో గుర్తే లేదు నాకు. గుర్తులేదని చెప్తే మీరు నమ్మాలి.

లీలండ్ గడప దగ్గర ఒక్కక్షణం ఆగి లోపలికొచ్చాడు. జుట్టు నెరిసింది. జోసీ ముందుపన్ను ఊడింది. అది వస్తూనే గోడ దగ్గరికి పరిగెత్తింది.

“అత్తా, ఈ ముక్కలన్నీ ఎవరెవరివి? మరి పైన ఆ గుడ్డ ఎవరిది?”

“నాది,” అన్నాడు లీలండ్.

నాన్న కిందికి గొంతుక్కూర్చోలేడు, కుర్చీలోంచే ముందుకి వంగాడు. “తుపాకీ ఎవరిక్కావాలమ్మా? నీకా, మీ నాన్నకా?”

“నాకే తాతా. మా నాన్నకి తుపాకులంటే అసలిష్టం లేదు.”

నాన్న బుడిపె పరీక్ష పెట్టాడు. అది నాలిక బయటపెట్టి ఒంటిచేత్తో లాగేసింది. అచ్చం చిన్నప్పటి లీలండే. నాన్న దాని మోచెయ్యి వంచి, తడుముకుంటూ పుల్ల ఆనించాడు. మొహం పండగలా ఉంది.

“ఎంతే లోర్నా?”

“పదిన్నర.”

“పదిన్నర రాయి.”

రాశాను. ఇక ముక్క తియ్యాలి. నాన్నకి స్క్రూ గాడి దొరకలేదు, రెండుసార్లు జారింది. లీలండ్ మెల్లిగా స్క్రూడ్రైవరు తీసుకుని తానే విప్పడం మొదలుపెట్టాడు. మొదటి స్క్రూ బయటికి రాగానే నాకు గుర్తొచ్చింది.

“ముక్క ఇలా ఇయ్యి తమ్ముడూ, దుమ్ము పట్టుంటుంది. ఇసుకకాగితంతో రుద్ది ఇస్తాను.”

చూశారా నా బుద్ధి? ఇంత వయసొచ్చాక కూడా.

ముక్క జోసీ చేతిలోకి రాలింది. “ఇందులో ఏదో రాసుంది!”

“చదువు తల్లీ,” అన్నాడు నాన్న, మురిసిపోతూ. “మీ నాన్న కొలత అది. మీ అత్త రాసింది.”

“లీలండ్, పదమూడు వచ్చాక.”

“ఆఁ.”

“కింద ఇంకోటుంది. పన్నెండుంబావు, నవంబరు ఎనభై ఐదు, లోర్నా.” తలెత్తి మమ్మల్ని చూసింది. “రెండిట్లో ఏది కరెక్టు తాతా?”

లీలండ్ ముక్క తీసుకుని కిటికీ దగ్గరికెళ్ళి చదివాడు. తిప్పి చూశాడు. మళ్ళీ చదివాడు.

“పావంగుళం అటో ఇటో...” అన్నాడు నాన్న.

“ముప్పావు నాన్నా. ముప్పావంగుళం.”

“ఎదుగుతావనుకున్నానురా.”

“ఎదిగాను. మరుసటేడు జూన్‌లో నువ్వు లేనప్పుడు ఇదే పుల్లతో కొలుచుకున్నాను. పదమూడే వచ్చింది, నవంబరులో నువ్వు చెప్పిందే. అన్ని నెలలైనా ఒక్క గీత కూడా ఎదగలేదని, నాలో ఏదో లోపముందని అనుకున్నాను. గుండె కూడా లేదు, ఎదుగుదలా లేదు అనుకున్నాను. అది ఎవరితో చెప్పుకునేది?”

నాన్న గడ్డం పైకెత్తి కూర్చున్నాడు. ఒక్క మాట చాలేది. తప్పయిందిరా అంటే ఆ పిల్లాడు కరిగిపోయేవాడు, నాకు తెలుసు వాడి సంగతి. అనలేదు.

లీలండ్ నావైపు తిరిగాడు. కేకలేసినా బాగుండేది.

“నువ్వు రాశావు గదక్కా. ఎంత చక్కగా రాశావు. నోటితో చెప్పడానికేమైంది?”

“నాకు పధ్నాలుగేళ్ళురా అప్పుడు.”

“అప్పుడు. తర్వాత?”

నేను కొలతల పుస్తకం మూశాను.

వాడు తుపాకీని బల్లకి బిగించాడు. పదిన్నరకి గీత గీసి, గోడమీది రంపం అందుకున్నాడు.

“ఇలా ఇయ్యి,” అన్నాడు నాన్న, రెండు చేతులూ చాచి. “నేను కోస్తాను. నా కోసమేగా వచ్చారు. ఇయ్యరా.”

లీలండ్ ఇవ్వలేదు. తానే కోశాడు. నాన్న చేతులు అలా చాచే ఉన్నాయి, రంపం ఆగాక ఒళ్ళో పెట్టుకున్నాడు. జోసీ మడమ భుజానికానించి చూసింది, అతికినట్టు కుదిరింది.

“ముక్క ఇక్కడ పెట్టి వెళ్ళు,” అన్నాడు నాన్న. “పేరు రాసి తగిలిస్తాం. చెయ్యి ఎదిగాక తీసుకురా దాన్ని.”

“వద్దులే. మా ఇంట్లోనూ మేకులున్నాయి.”

తుపాకీ బోల్టు ఊడదీసి తన జేబులో వేసుకున్నాడు, అచ్చం నాన్న చేసేటట్టే. పాతముక్క, కొత్తముక్క రెండూ తీసుకున్నాడు. గోడమీది గుడ్డవైపు తలెత్తి చూడలేదు. జోసీ మాత్రం నాన్న బుగ్గమీద ముద్దుపెట్టి, “థాంక్యూ తాతా,” అంది. గొట్టం నేలవైపు దించి, జాగ్రత్తగా మోసుకుంటూ తండ్రి వెనకే వెళ్ళింది. అట్లు తిని వెళ్ళండని కూడా నేను అనలేదు.

కారు చప్పుడు వంతెన దాటేదాకా నాన్న కదల్లేదు. తర్వాత బల్లమీద తడిమి, రంపంపొట్టు కుప్ప దొరికితే వేళ్ళతో చిదిమాడు.

“రంపం విన్నావా?” అన్నాడు. “చివర్లో పక్కకి పోయింది. వంకరగా కోశాడు వెధవ.”

“లేదు నాన్నా,” అన్నాను. “సూటిగానే కోశాడు.”